అకారణ భయము – దాని చికిత్స

భయము సకల జీవులకును సహజమైనది. ఆకలి, దప్పిక, నిద్ర ఎట్టివో భయమును అట్టిదే. కోడిపెట్ట గ్రద్ద నీడను చూచినంతనే పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొనును. లేడి ఆకు కదలిన చప్పుడునకే చెవులు నిక్కించును. మనుష్యుడును ఇందుకు వేఱు కాడు. పెనుకొండ ప్రాంతపు రైతు రాత్రివేళ వేరుసెనగ చేనికి పోవునప్పుడు చేత దీపము లేక పోడు. కఱ్ఱతో నేలను తట్టుచు నడచును. పాము కఱచునేమో యను భయమే అతనిచే ఈ పని చేయించుచున్నది. హిందూపురము బజారులో వీధి దాటువాడు ఇరువైపులను చూచుటకును భయమే కారణము. ఇట్టి భయము మనకు శత్రువు కాదు. ఇంటిని కాచెడి కావలివాని వంటిది. అది బొత్తిగా లేనివాడు పెక్కు దినములు బ్రతుకజాలడు.

అయితే ఆ కావలివాడు ఒక్కొక్కప్పుడు పొరబడును. దొంగ వచ్చినప్పుడు కేక వేయవలసినవాడు, చుట్టము వచ్చినను, పాలమనిషి వచ్చినను, గాలికి తలుపు కదలినను కేకలు వేయసాగినచో ఆ ఇంటివారికి నిద్ర యుండదు. మనస్సులోని భయమును ఒక్కొక్కప్పుడు ఇట్లే అదుపు తప్పును. అపాయము లేనిచోటను, మిక్కిలి స్వల్పముగా నున్నచోటను, ప్రాణమునకే ముప్పు వచ్చినట్లు అది మనుష్యుని వణికించును. ఇట్టి అకారణ భయమునకు వైద్యశాస్త్రమున ‘ఫోబియా’ యని పేరు. ఇది పిరికితనము కాదు. గాలి సోకుట కాదు. చికిత్సకు లొంగెడి ఒక మానసిక రుగ్మత. ఇది ఎట్లు పుట్టునో, ఎట్లు పెరుగునో, వైద్యులు దీనిని ఎట్లు కుదుర్తురో ఈ పాఠమున తెలిసికొందము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గము మీది ఊళ్లు. ఇవి పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఈ మూడు ఊళ్లలో ముగ్గురిని మనము ఊహించుకొందము.

హిందూపురమున ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె కలదు. ఆమెకు సూదిమందన్నచో చెప్పరాని భయము. బడికి టీకాలు వేయువారు వచ్చు దినమున ఆమె కడుపునొప్పి యని ఇంటనే యుండిపోవును. ఒకనాటి సాయంకాలము వీధికుక్క ఆమె కాలిని కఱచినది. ఆసుపత్రికి తీసికొనిపోయి సూది వేయింతురను భయముచే ఆమె ఆ గాయమును తల్లికి చూపలేదు. పరికిణీ క్రింద దాచుకొన్నది.

పెనుకొండలో ఒక బాలుడు కలడు. 1565వ సంవత్సరమున తళ్లికోట యుద్ధమున ఓడిన పిదప విజయనగర రాజులు ఈ పెనుకొండనే రాజధానిగా చేసికొని పాలించిరి. ఆ కొండ మీది కోటను చూచుటకు దూరదేశముల నుండి జనులు వత్తురు. ఆ బాలుడు కొండ పాదముననే పుట్టి పెరిగినవాడు. కాని ఎత్తైన చోట నిలిచి క్రిందికి చూచినచో అతనికి కాళ్లు వణకును, కన్నులు తిరుగును. ఉపాధ్యాయుడు తరగతి వారినందఱిని కొండ మీదికి తీసికొనిపోయిన నాడు అతడొక్కడే క్రింద చెట్టునీడను కూర్చుండెను.

ధర్మవరమున పట్టుచీరలు నేయు కుటుంబమున ఒక యువకుడు కలడు. అతనికి బెంగళూరి కళాశాలలో చోటు దొరికినది. కాని అంతకు కొలది నెలల ముందు, క్రిక్కిఱిసిన రైలుపెట్టెలో అతనికి ఉన్నట్లుండి గుండె దడదడ కొట్టుకొని, ఊపిరి చాలక, ప్రాణము పోవుచున్నట్లు తోచినది. వైద్యుడు పరీక్షించి గుండెకు ఏ జబ్బును లేదని చెప్పెను. అయినను అది మొదలు అతడు రైలెక్కలేదు, బస్సెక్కలేదు. “మాకు మగ్గమే చాలును, చదువెందుకు?” అని అడిగినవారితో చెప్పుచున్నాడు.

ఈ ముగ్గురును మనము కల్పించుకొన్నవారే. కాని ఇట్టివారు ప్రతి యూరిలోను కలరు. వారు పోగొట్టుకొనుచున్న దేమో గమనింపుడు. బాలుడు ఒక వినోదమును పోగొట్టుకొన్నాడు. యువకుడు చదువును పోగొట్టుకొనుచున్నాడు. బాలికయో ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనుచున్నది. ఏలననగా కుక్కకాటు వలన రేబిస్ అను వ్యాధి రావచ్చును. ఆ వ్యాధి లక్షణములు ఒకసారి బయటపడిన పిదప రోగి బ్రతుకుట దాదాపు అసంభవము. లక్షణములు రాకముందే గాయమును సబ్బుతోను, ధారగా పాఱెడి నీటితోను 15 నిమిషముల సేపు కడిగి, జాగు చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొన్నచో దానిని నివారింపవచ్చును. ఒక చిన్న సూదికి వెఱచి ఆమె ఘోరమైన అపాయమును కౌగిలించుకొనుచున్నది. అకారణ భయము యొక్క గుణమే ఇది: లేని అపాయమును పెద్దదిగా చూపి, ఉన్న అపాయమును కనబడనీయదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. రేబిస్ రోగి నీటిని చూచి బెదరును. దానిని ‘హైడ్రోఫోబియా’ అందురు. పేరులో ఫోబియా యున్నను అది మనము చెప్పుకొనుచున్న రుగ్మత కాదు. ఆ రోగము మెదడునకు సోకి, నీరు మ్రింగబోవునప్పుడు గొంతు కండరములు బాధాకరముగా బిగిసికొనిపోవుట వలన కలుగు లక్షణ మది.

‘ఫోబియా’ అను మాట గ్రీకు భాష నుండి వచ్చినది. గ్రీకుల పురాణములలో ఫోబోసు అనువాడు భయమునకు అధిదేవత. యుద్ధదేవుడైన ఆరీసునకు కుమారుడు. పేరు ఎట్లున్నను ఈ రుగ్మత నేడు పుట్టినది కాదు. హిప్పోక్రటీసు పేరిట నిలిచిన ప్రాచీన గ్రీకు వైద్యగ్రంథములలో ఇద్దఱి ప్రస్తావన కలదు. ఒకడు రాత్రివేళ విందులలో వేణునాదము వినబడినచో భయముచే తల్లడిల్లెడివాడు; అదే నాదము పగలు వినబడినచో అతనికి ఏ బాధయు లేదు. రెండవవాడు కొండ అంచునకు గాని, వంతెన మీదికి గాని పోలేకపోయెడివాడు. మన పెనుకొండ బాలునికి వేయేండ్లకు పూర్వమే తోడు దొరికినాడన్న మాట!

ఏ భయమును ఫోబియా యనవలెను? వైద్యులు ముఖ్యముగా మూడు గుఱుతులను చూతురు. మొదటిది, భయము అపాయమునకు మించి యుండుట. రెండవది, అది వచ్చి పోవునది గాక నెలల తరబడి, సాధారణముగా ఆఱు నెలలకు మించి, నిలిచియుండుట. మూడవది, దాని వలన చదువు, పని, స్నేహము మొదలగు నిత్యవ్యవహారములు చెడిపోవుట. పరీక్షకు ముందు గుండె కొట్టుకొనుట ఫోబియా కాదు. చీకటిలో ఒంటిగా నడచునప్పుడు కొంచెము బెదరుట ఫోబియా కాదు. ఈ భేదమును మఱవరాదు.

ఫోబియాలు మూడు తెగలు. ఒక వస్తువునకో, ఒక స్థితికో కట్టుబడినవి మొదటి తెగ. పాము, సాలెపురుగు, కుక్క మొదలగు ప్రాణులు. ఎత్తు, నీరు, ఉఱుములు. రక్తము, సూది, గాయము. మూసిన గది, లిఫ్టు, విమానము – వీనిలో ఏదో యొక దానిని గుఱించిన భయము ఇది. రెండవది సంఘభీతి. నలుగురిలో మాటలాడవలసి వచ్చినను, పదిమంది చూచుచుండగా భుజింపవలసి వచ్చినను, ‘నన్ను చూచి నవ్వుదురేమో’ యని కుంచించుకొనిపోవుట దీని లక్షణము. మూడవది, జనసమ్మర్దములోను, రైలు బస్సులలోను, ఇల్లు విడిచి దూరముగా పోయినప్పుడును, ‘ఏమైన జరిగినచో తప్పించుకొనుటకు దారి లేదు, ఆదుకొనువారు లేరు’ అని కలుగు భయము. ధర్మవరపు యువకుని భయము ఈ మూడవ తెగకు చేరును.

భయము కలిగినప్పుడు దేహమున ఏమి జరుగును? మెదడు లోపల బాదముగింజ ఆకారమున చిన్న భాగము లిరుప్రక్కల కలవు. వీనికి అమిగ్డాల యని పేరు. అపాయము కనబడినదని ఇవి సూచన చేయగనే మూత్రపిండముల మీద నుండు గ్రంథుల నుండి అడ్రినలిన్ అను ద్రవ్యము రక్తమున కలియును. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి వడిగా ఆడును, చేతులు చెమర్చును, కండరములు బిగియును. ఇవన్నియు దేహము పాఱిపోవుటకో, పోరాడుటకో సిద్ధపడుచున్న గుఱుతులు. బాధగా నున్నను ఇవి ప్రాణము తీయునవి కావు. ఇంకొక ముఖ్య విషయము: ఈ ఉద్రేకము కలకాలము నిలువజాలదు. చెఱువులో లేచిన అలవలె అది లేచును, శిఖరమునకు చేరును, పిదప తనంతట తానే అణగును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. చికిత్సకు ఇదియే పునాది.

ఇక ఈ భయము ఎట్లు పుట్టును? తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీరందఱును వినియే యుందురు. శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధ తీర్చుటకై ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలకై ఒక ఆవును ఇప్పించెనట. రామకృష్ణుడు మొదటి దినముననే సలసల కాగిన పాలను పిల్లి ముందుంచెను. అది ఆత్రముతో మూతి పెట్టి కాల్చుకొన్నది. అది మొదలు పాలగిన్నెను చూచినంతనే పాఱిపోజొచ్చినది. పాలన్నియు రామకృష్ణుడే త్రాగెను. నవ్వుకొనుటకు చెప్పుకొన్న ఈ కథలో మనశ్శాస్త్రము కొంత యిమిడియున్నది. పాలు స్వతః భయంకరమైనవి కావు. కాని ఒకసారి బాధతో ముడిపడుటచే అవియే పిల్లికి భయహేతువులైనవి.

మనుష్యులలోను ఇట్లు జరుగునని 1920వ సంవత్సరమున అమెరికా దేశమున వాట్సను అను మనశ్శాస్త్రజ్ఞుడును, అతని సహచరి రేనరును ఒక ప్రయోగముచే చూపదలచిరి. ఏడాది నిండని ఒక శిశువునకు తెల్లని ఎలుకను చూపిరి. బిడ్డ దానితో ఆడుకొనబోయెను. ఆ సమయమున వెనుక నుండి ఇనుపకడ్డీని సుత్తితో కొట్టి పెద్ద చప్పుడు చేసిరి. ఇట్లు పలుమాఱులు చేసిన పిదప బిడ్డ ఎలుకను చూచినంతనే ఏడువసాగెను. అంతియే కాదు, కుందేలును చూచియు, బొచ్చు కోటును చూచియు బెదరెను. భయము ఒకదాని నుండి దానిని పోలిన వేఱొకదానికి ప్రాకినది. ఆ బిడ్డ భయమును వారు పోగొట్టకయే విడిచిరి. అట్టి ప్రయోగము తగదని నేడు శాస్త్రజ్ఞులందఱు అంగీకరింతురు.

అయితే అన్ని భయములును సొంత అనుభవముననే పుట్టవు. బల్లిని చూచి తల్లి కెవ్వున అఱచినచో చంకలోని బిడ్డయు ఆ భయమును నేర్చుకొనును. పెద్దలు పదే పదే చెప్పిన మాటల వలనను కలుగవచ్చును. కొన్ని కుటుంబములలో భయపడెడి స్వభావము పుట్టుకతోనే కొంత వచ్చును. ఇంకొక వింత కలదు. విద్యుత్తు తీగ వలన నేడు అపాయములు కలుగుచున్నను దానిని చూచి వణకువారు అరుదు. పామును చూచి వణకువారు కొల్లలు. 1971వ సంవత్సరమున సెలిగ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు దీనికొక కారణమును సూచించెను. పాము, ఎత్తు, చీకటి మొదలగునవి అనాదికాలము నుండి మానవునికి ముప్పు తెచ్చినవి గనుక, వానిని గుఱించిన భయమును శీఘ్రముగా నేర్చుకొను స్వభావము మనకు వంశానుగతముగా వచ్చినదని అతని అభిప్రాయము.

భయము పుట్టుట ఒక సంగతి. అది పోకుండ నిలిచియుండుట వేఱొక సంగతి. మఱల ఆ పిల్లిని తలచుకొందము. మఱునాడు గిన్నెలో చల్లని పాలు పోసినను పిల్లి త్రాగదు. ఏల? అవి చల్లనివని దానికి తెలియదు. తెలియకపోవుటకు కారణమేమి? అది దగ్గఱకు రాకయే పాఱిపోవుచున్నది. పాఱిపోయిన ప్రతిసారియు మూతి కాలలేదు గనుక, ‘పాఱిపోవుట వలననే బ్రతికితిని’ అని దాని నమ్మకము గట్టిపడును. మన ముగ్గురి స్థితియు ఇదియే. బాలిక బడి ఎగవేసిన నాడు మనస్సు తేలికపడును. యువకుడు టిక్కెట్టు తిరిగి ఇచ్చివేసినప్పుడు గుండెదడ తగ్గును. ఆ క్షణమునకు అది సుఖమే. కాని ఆ సుఖమే భయమునకు పోయు నీరు, వేయు ఎరువు. భయపడి తప్పించుకొన్నకొలది భయము పెరుగును. దానిని నిలిచి చూచినకొలది అది తగ్గును. ఈ రుగ్మతను గుఱించి తెలిసికొనవలసిన ముఖ్యసూత్ర మిదియే.

ఈ సూత్రమును మొదట ఆచరణలో చూపినవారిలో మేరీ కవర్ జోన్సు అను అమెరికా విదుషి యొకరు. 1924వ సంవత్సరమున ఆమె ప్రకటించిన వృత్తాంతమున పీటరు అను మూడేండ్ల బాలుడు కుందేలును చూచి భయపడెడివాడు. ఆమె అతనిని కూర్చుండబెట్టి ఇష్టమైన ఆహారమును పెట్టించి, పంజరములోని కుందేలును దూరముగా ఉంచెను. అతడు బెదరకుండ తినుచున్న కొలది పంజరమును క్రమముగా దగ్గఱకు జరిపించెను. భయము లేని వేఱు పిల్లలు కుందేలుతో ఆడుకొనుటయు అతనికి చూపించెను. తుదకు పీటరు కుందేలును తన చేతులతో నిమురగలిగెను.

పిదప దక్షిణాఫ్రికా దేశపు వైద్యుడైన జోసెఫ్ వోల్పే ఈ పద్ధతిని శాస్త్రీయముగా తీర్చిదిద్దెను. విచిత్రమేమనగా అతడును పిల్లులతోనే పరిశోధన మొదలిడెను. ఒక గదిలోని బోనులో బాధపడి భయము నేర్చిన పిల్లులు అచ్చట ఆహారము ముట్టకుండెను. అతడు వానికి మొదట ఆ గదిని అంతగా పోలని గదిలోను, పిమ్మట కొంచెము పోలిన గదిలోను, తుదకు ఆ బోనులోను ఆహారము పెట్టి భయమును పోగొట్టెను. 1958వ సంవత్సరమున ఈ చికిత్సను వివరించు గ్రంథమును ప్రకటించెను. తెనాలి పిల్లికి సైతము ఇట్టి వైద్యమే తగును. గిన్నెను దూరముగా ఉంచి, చల్లని పాలను మొదట వ్రేలితో నాకించి, దినదినమును గిన్నెను దగ్గఱ చేసినచో ఆ పిల్లి మఱల పాలు త్రాగకపోదు.

నేటి వైద్యులు ఈ చికిత్సను చేయు విధమును పెనుకొండ బాలుని యందు చూతము. వైద్యుడు మొదట అతని మాటలను ఓపికతో వినును. పిదప అతనిచే భయమునకు మెట్లు కట్టించును. ఏ పని ఎంత భయము కలిగించునో 0 మొదలు 10 వఱకు అంకెలు వేయించును. కొండకోట చిత్రమును చూచుట 2. బడిమేడ మీద గది నడుమ నిలుచుట 3. ఆ మేడ మీది పిట్టగోడ చెంత నిలిచి క్రిందికి చూచుట 5. తండ్రితో కూడ కొండ మీద కొంత దూరము ఎక్కుట 6. కోట వఱకు ఎక్కి ఊరిని చూచుట 8. స్నేహితులతో కలిసి పోవుట 9 – ఈ విధముగా. క్రింది మెట్టు నుండియే ఆరంభము. ప్రతి మెట్టునందును భయము అణగువఱకు నిలువవలెను, నడుమ పాఱిపోరాదు. ఆ మెట్టు సులభమైనదని తోచిన పిదపనే పై మెట్టు. ఒకనాడు భయము మఱల తల ఎత్తినచో చింతింపక, క్రింది మెట్టుకు దిగి మఱల ఎక్కవలెను. ధర్మవరపు నేతగాండ్రు చిక్కుపడిన పట్టుదారమును బలముగా లాగరు. ఓపికతో ఒక్కొక్క ముడిని విప్పుదురు. ఈ చికిత్సయు అట్టిదే.

కొండ అంచున గంతులు వేయుట ఈ చికిత్సకు ఫలము కాదు. గోడ లేని అంచునకు దూరముగా నిలుచుట వివేకమే. అకారణ భయము పోవలెను. కావలివాని వంటి భయము నిలువవలెను.

ధర్మవరపు యువకునికి రైలుమార్గమే మెట్లవరుస కాగలదు. మొదటి దినమున ప్లాట్‌ఫారము మీద కూర్చుండుట, పిదప పెనుకొండ వఱకు అన్నతో ప్రయాణము, ఆ పిదప ఒంటిగా, అటుపిమ్మట హిందూపురము వఱకు, తుదకు బెంగళూరు. అతని చికిత్సలో ఇంకొక భాగము కలదు. ‘గుండె కొట్టుకొనుచున్నది, నేను చనిపోవుదును’ అను తలంపును వైద్యుడు అతనితో కలిసి పరీక్షించును. మెట్లు పరుగున ఎక్కినను గుండె ఇట్లే కొట్టుకొనును గదా, అది చావునకు గుఱుతా? అని విచారింపజేయును. తలంపులను సరిదిద్దు ఈ పద్ధతియు, మెట్లు ఎక్కించు పద్ధతియు కలిసి మంచి ఫలము నిచ్చును. ఇట్టి భయమునకును, సంఘభీతికిని వైద్యులు అవసరమైనచో మందులను సైతము ఇత్తురు. వానిని వైద్యుడు చెప్పినట్లే వాడవలెను. తమంతట తాము కొని తినరాదు. ఒక వస్తువును గుఱించిన భయమునకు మాత్రము మెట్ల చికిత్సయే ప్రధానము. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఓస్టు, అట్టి భయములలో పెక్కింటిని మూడు గంటల సేపు సాగు ఒక్క చికిత్సతోనే చాల వఱకు తగ్గింపవచ్చునని చూపెను. విమానము, ఎత్తు మొదలగు వాని భయమునకు, అవి ఎదుట నున్నట్లే తోపించు కంప్యూటరు కళ్లద్దములను సైతము నేడు వాడుచున్నారు.

హిందూపురపు బాలికకు మాత్రము ఒక విశేషము కావలెను. సాధారణముగా భయమున రక్తపుపోటు పెరుగును గనుక మూర్ఛ రాదు. కాని రక్తమును, సూదిని చూచి భయపడువారిలో పలువురికి పోటు మొదట పెరిగి, వెంటనే పడిపోవును. అందుచే వారు మూర్ఛపోవుదురు. ఇట్టివారికి ఓస్టు పండితుడే ఒక ఉపాయమును చెప్పెను. చేతులు, కాళ్లు, పొట్ట కండరములను 10, 15 సెకనుల సేపు, ముఖము వెచ్చబడునంతవఱకు బిగింపవలెను. తరువాత 20, 30 సెకనుల సేపు వదలవలెను. ఇట్లు అయిదుసార్లు చేయవలెను. దీని వలన రక్తపుపోటు పడిపోకుండ నిలుచును. సూది వేయునప్పుడు ఆ చేతిని మాత్రము వదులుగా ఉంచి, తక్కిన అవయవములను బిగింపవచ్చును. అయితే కుక్క కఱచిన బాలిక ఈ సాధన ముగియువఱకు ఆగరాదు. ఆ దినముననే తల్లికి చెప్పవలెను. ‘నాకు సూదియన్న భయము, మూర్ఛ వచ్చును’ అని ముందే చెప్పినచో నర్సు ఆమెను పరుండబెట్టి టీకా వేయును. భయము తరువాత కుదురును. టీకా ముందు పడవలెను.

ఈ సహాయము దొరకు చోట్లు మనకు దూరముగా లేవు. హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున బెంగళూరులో నిమ్హాన్స్ అను జాతీయ సంస్థ కలదు. అచ్చట 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థయు, అంతకు పూర్వపు మానసిక వైద్యశాలయు 1974వ సంవత్సరమున ఏకమై ఈ సంస్థగా రూపొందినవి. మానసిక వైద్యము పెద్ద నగరములకే పరిమితము కారాదని ఆ సంస్థవారు 1980ల నాటికే అనంతపురమునకు పొరుగున నున్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ద్వారా ఈ సేవను అందించి చూపిరి. జిల్లాలన్నింట మానసిక వైద్యము నందించు జాతీయ కార్యక్రమమునకు అదియే మాదిరి అయినది. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వము ‘టెలి మానస్’ అను సేవను ఆరంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడి సలహా పొందవచ్చును.

తుదకు మన కర్తవ్యము. సూదియన్న వణకు తోడి బాలికను చూచి నవ్వుట, బల్లిబొమ్మను మీద విసరుట, ఎత్తన్న భయపడువానిని బలవంతముగా అంచునకు నెట్టుట – ఇవి వేడుకలు కావు, క్రౌర్యములు. ఇట్టి బలాత్కారము వలన భయము రెట్టింపగును. ‘నీవు పిరికివాడవు’ అను మాటచే నయమైనవాడు లేడు. అట్లని ‘పోనిమ్ము, నీవు రావలదు’ అని వారిని ఎల్లప్పుడును తప్పించుటయు మేలు కాదు. వారి భయమును నమ్మవలెను. వారు సమ్మతించిన మెట్టుపై వారి ప్రక్కన నిలువవలెను. మీకే అట్టి భయమున్నచో దాచక తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునికో చెప్పుడు. ధైర్యమనగా భయము లేకుండుట కాదు; గుండె కొట్టుకొనుచున్నను ఒక మెట్టు ముందుకు వేయుట. ఆ మెట్టు ఎంత చిన్నదైనను సరే, రెండవ మెట్టు దాని కంటె సులభముగా నుండును.